కోరం నింపిన సంతకం

యుద్ధవార్తల కోసం కిక్కిరిసే మా నాంపల్లి గ్రంథాలయంలో ఈ సాయంత్రం సమావేశమంటే ఆరుగురమే వచ్చాం. కోరానికి ఏడుగురు కావాలి. ఆమోదించాల్సిన పోయినసారి మినిట్స్‌లో ఉన్నది ఒక్కటే, చనిపోయిన మా సభ్యుడు వెంకయ్యగారికి సంతాప తీర్మానం. వాయిదా వేద్దామంటూ అధ్యక్షులు హాజరు పుస్తకం తెరిచారు.

"ఏడు సంతకాలున్నయి కదా! గిదెవరిది?"

కార్యదర్శి నర్సింగరావు వంగి చూశాడు. వెంకయ్యగారిది. సిరా ఇంకా తడిగానే ఉంది.

"మరి కోరం అయినట్టేనా సార్?" అన్నాడు మెల్లగా.

ఆయన పాడె మోసినవాణ్ణి నేను. ఆయన పోయాడన్న తీర్మానానికి ఆయననే ఏడోవాడిగా లెక్కపెట్టి చెయ్యెత్తలేకపోయాను. వాయిదా వేశాం. ఒక్కరూ టాంగా ఎక్కకుండా ఆబిడ్స్ దాకా కలిసే నడిచాం. మీరైతే ఆమోదించేవారా?