మెషిన్ సందులో పట్టే చెయ్యి

చేతులు చీపురుపుల్లల్లా ఉంటాయని వాషింగ్ మెషిన్ల రిపేరు షాపులో అందరూ అతన్ని పుల్లన్న అంటారు. ఎంత ఎండలోనైనా ఫుల్‌హ్యాండ్స్ చొక్కానే వేస్తాడు. ఒకరోజు బావమరిది, "బావా, చొక్కా నువ్వు తొడుక్కున్నావా, హ్యాంగర్‌కి తగిలించావా?" అంటే పెళ్లాం కూడా పడీపడీ నవ్వింది. మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్లాడు. చేతుల్లో సిలికాన్ ముక్కలు పెడితే కండ పట్టినట్టు నిండుగా కనిపిస్తాయన్నాడాయన.

ఆపరేషన్‌కి సెలవడిగితే ఓనరు మండిపడ్డాడు.

"మెషిన్ విప్పకుండా అడుగు సందులోంచి బెల్టు మార్చేది నువ్వొక్కడివేరా! నీ ఒంట్లో నాకు పనికొచ్చేది ఆ పుల్లే. అది లావైతే ఇటు రాకు."

"అలాగే సార్," అంటూ పుల్లన్న నేలమీద బోర్లా పడుకుని, కుడిచెయ్యి సందులోకి దూర్చాడు.

మధ్యాహ్నం బయటికొచ్చి డాక్టరుకి ఫోన్ చేశాడు.

"సార్, ఎడమచేతికి ఒక్కదానికే పెడతారా?"