మామగారి ముందు బీగిల్ ప్రదర్శన

నా పరువు చాలాసార్లు పోయింది గాని, తోక ఊపుకుంటూ పోవడం మాత్రం ఆ ఒక్కసారే. ఆ తోక మా బ్రూనోది.

బ్రూనో బీగిల్ కుక్క. వేటలో వాసన పట్టడానికే పుట్టిన జాతి. పిల్లలున్న ఇంటికి ఇంతకు మించింది లేదని ఎక్కడో చదివి, ఇందుకూరుపేటలోని మా ఇంటికి తెచ్చాను. పిల్లలతో బాగానే ఆడేది. కాపలా సంగతంటారా, దొంగొస్తే బీరువా దాకా తోడు వెళ్లే రకం.

"కార్తీక పూజకు మా నాయన వస్తాడు. ఆయన సరేనంటేనే ఇది ఇంట్లో ఉండేది. లేదంటే ఇచ్చేసి రా" అని తేల్చేసింది నా భార్య సుజాత. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు.

సంగం నుంచి మామగారు దిగారు. కార్తీకమంతా ఇంట్లో ఎవరూ నీసు ముట్టకూడదని ఆయన నియమం. అల్లుడు కూడా నిష్ఠగా ఉన్నాడని ఆయన తన ఊరంతా గొప్పగా చెప్పుకునేవారు. పాపం, నమ్మే మనిషి.

"ఏంది అల్లుడా, కొత్త మనిషొస్తే మొరగను కూడా మొరగలేదే! తిండి దండగ గదా?"

"ఇది నోటితో కాదు మామా, ముక్కుతో పనిచేస్తాది. మీ కండువా దాచి చూడండి, ఇట్టే పట్టిస్తాది!"

ఇంత తెలివైన మాట నా నోట మళ్లీ రాలేదు.

కండువా వాసన చూపించి బియ్యం డబ్బా వెనుక దాచాం. "వెతుకు!" అన్నాను సేనాపతిలా. బ్రూనో డబ్బా వైపు చూడనైనా లేదు. నేలకు ముక్కు ఆనించి వాకిట్లోకి నడిచి, నా స్కూటరు ముందు కూర్చుని, మోర ఎత్తి వీధంతా వినేలా ఊళ వేసింది.

గబగబా వెళ్లి స్కూటరుకు అడ్డం నిలబడ్డాను. ఆ మధ్యాహ్నమే మైపాడులో ఒక స్నేహితుడి ఇంట్లో వంజరం చేపల పులుసు తిన్నాను. మర్నాటికి ఇంకా రుచెక్కుతుందని కొంత క్యారియర్‌లో పెట్టించుకుని సీటు కింద దాచాను. చేతులకు సబ్బు రాసుకున్నాను, యాలకులు నమిలాను. స్కూటరు చేత నమిలించడం మరిచాను.

"అది పెట్రోలు వాసన మామా..."

"తాళం ఇటియ్యి" అంది సుజాత.

సీటు లేచింది. క్యారియర్ మూతా లేచింది. వాకిలంతా పులుసు వాసన.

మామగారు నన్ను వదిలేసి క్యారియర్‌లోకి తొంగి చూశారు. తిడితే బాగుండేదనిపించింది. వంగి బ్రూనో తల నిమిరారు.

"కుక్క మంచిదేనమ్మా, సంసారానికి పనికొస్తాది. ఉంచుకో. గొలుసు మాత్రం అల్లుడికెయ్యి."

మిగిలిన కార్తీకమంతా నియమం తప్పలేదు. భక్తి పెరిగి కాదు. గేటు దగ్గర రోజూ నా చేతులకు బ్రూనో తనిఖీ జరిగేది.

అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ప్రాణమున్నంత వరకు మా ఇంట్లో ఎవరి ప్రతిభనూ మామగారి ముందు ప్రదర్శనకు పెట్టను. నా ప్రతిభనైతే అసలే పెట్టను.