బండి ముందు చక్రాలు

మా ఇంట్లో పిండి విసిరే ఇసుర్రాయికి ఉన్న మర్యాద మనుషులకు లేదు. నాయనమ్మను మేం అవ్వ అనేవాళ్ళం. పొరపాటున రాయికి కాలు తగిలితే మా చేత లెంపలు వేయించేది. గద్వాలలో మా వాడకట్టులో ఎవరడిగినా దాన్ని గడప దాటనిచ్చేది కాదు. పెళ్ళంటే ముందు దానికి కంకణం కట్టాలి, ముత్తయిదువలు దాంట్లో పసుపు కొమ్ములు పోసి విసరాలి. ఆ తర్వాతే మిగతా పనులు.

నా పెళ్ళి కుదిరింది యుద్ధం రోజుల్లో. నాన్న రైలు స్టేషన్ గోదాములో హమాలీ. అంతకుముందు ఎండాకాలం మూట మోస్తూ రక్తం కక్కాడు. ఇంకోసారి మూట ఎత్తితే బతకడని దవాఖానలో చెప్పారు. అప్పటినుంచీ మూటలు వేసి చేత్తో గుంజే పొట్టి బండి ఒక్కటే ఆయనకు దిక్కు. బరువంతా మోసేవి దాని ముందున్న రెండు చిన్న చక్రాలు. అవి అరిగి విరిగిపోయాయి. యుద్ధం వల్ల ఇనుము ఎక్కడా దొరకలేదు. వడ్రంగి చేసిన చెక్క చక్రాలు పల్లికాయ మూటలకే పగిలాయి. బండి నడవకుంటే వీపున మోయండి, మోయలేనోడు ఇంటికి పొండి అన్నాడు గుత్తేదారు. నాన్న మోస్తానన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచీ నాకు అన్నం సయించలేదు.

రెండు రోజులకు బండి మళ్ళీ నడుస్తోందని నాన్న చెప్పాడు. హమ్మయ్య అనుకున్నాను.

పసుపు విసిరేనాడు ముత్తయిదువలు చేటలతో వచ్చారు. చూస్తే మూలన ఇసుర్రాయి లేదు! అవ్వ తలెత్తకుండా తమలపాకులు తుడుస్తోంది. పాపం, రాయి పోయిన దుఃఖం అనుకున్నాను.

"నిన్నగాక మొన్న రాళ్లు కొట్టేటాయన మీ ఇసుర్రాయిని నెత్తిన పెట్టుకొని టేషన్ దిక్కు పోయిండు" అంది పక్కింటి సాయిబుగారి భార్య.

పెళ్ళిపిల్ల గడప దాటొద్దని అందరూ అరుస్తున్నా ఉరికాను. గోదాము బయటికే ఆ గరగర వినిపించింది. తెల్లారుజామున రోజూ వినే చప్పుడే. లోపల నాన్న బండి గుంజుతున్నాడు. మూటల కింద మా రాయి, పై రాయొక చక్రం, కింది రాయొక చక్రం. పిడి దిగ్గొట్టే బెజ్జం కూడా అట్లాగే ఉంది.

"నాయినా! గవి మన ఇసుర్రాళ్లు!"

నాన్న వంగి చూశాడు. మూట మీద కూలబడ్డాడు.

"నాకు తెల్వదు బిడ్డా. రాళ్లు కొట్టేటాయన తెచ్చి బిగించిండు. గుత్తేదారు పంపిండనుకున్న."

ఇంటికొచ్చేసరికి కోపంతో ఊగిపోతున్నాను. రాళ్లాయన్ని పిలిపించి నిలదీస్తానన్నాను.

"ఆయన్నెందుకంటవ్? నేనే ఇచ్చిన" అంది అవ్వ.

నమ్మలేకపోయాను. కాలు తగిలితేనే ఒప్పుకోని మనిషి!

"గోదాములో బండి కింద పెట్టిస్తవా? నా పెండ్లి యాదికి లేదా అవ్వా?"

"ఉన్నది. రాయి పోతె ఇంకోటి కొట్టించుకుంటం. నా కొడుకును యాడ కొట్టించుకోవాలె?"

సాయిబుగారి భార్య లేచి వెళ్ళి వాళ్ళ ఇసుర్రాయి మోయించుకొచ్చింది. అవ్వ దానికి బొట్టు పెట్టింది గానీ కంకణం కట్టలేదు. ఆ కంకణాన్ని తెచ్చి, నా వెనకే వచ్చి గడపలో నిలబడిన నాన్న చేతిలో పెట్టింది.

"పో, బండికి కట్టిరా."