ఎల్లుండి కొట్టుకోండ్రి

మా అమ్మ రేడియోలో వచ్చింది! నిజంగా మా అమ్మే, ఆమె గొంతే, ఈ పొద్దున నాచారం నుంచి ఉప్పల్ పోయే బస్సులో, డ్రైవరు పెట్టుకున్న ఎఫ్ఎంలో. పాట పాడలేదు, తిట్టింది. గిటారు ఉన్నట్టుండి ఆగిపోయింది. డ్రమ్ములూ ఆగిపోయాయి. రేడియో చెడిపోయిందేమో అనుకునేంతలో మా అమ్మ అరుపు, దాని వెనకే డ్రమ్ములు మళ్ళీ ధనధనమని. నా చేతిలోని టిఫిన్ బాక్సు జారి ఎవరి కాలి మీదో పడింది. పక్కనున్న ఆమెతో "ఆ తిట్టేది మా అమ్మండీ" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, బ్యాగు ఇవతలి భుజం మీంచి అవతలి భుజం మీదికి మార్చుకుంది. పాట అయ్యాక రేడియోలో అమ్మాయి ఆ పాడిన అబ్బాయితో మాట్లాడుతుంటే అది వినడానికి నా స్టాపు వదిలేసి ఇంకో స్టాపు దాకా పోయాను. కండక్టరు "దిగుతవా, డిపోకొస్తవా అమ్మా" అని కసిరాడు. ఆ అబ్బాయి ఏమన్నాడో తర్వాత చెప్తాను. ముందు మా అమ్మకు చెప్పాలి. కానీ ఆమె మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది, ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు. షిఫ్టు అయ్యేదాకా ఆమెకు ఏ సంగతీ చేరదు. ఈలోపు ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది కాబట్టి మీకు చెప్తున్నాను.

మేము అప్పట్లో నాచారంలో ఒక డాబా ఇంట్లో కింద రెండు గదుల్లో అద్దెకుండేవాళ్ళం. మీద ఓనరమ్మ వాళ్ళు. భీమవరం వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడినవాళ్ళు. ఆ పైన మేడ మీద రేకుల గది. ఆ గదిలోకి ప్రాక్టీసు కోసం నలుగురు అబ్బాయిలు ఒక పాత డ్రమ్ముల సెట్టు, రెండు గిటార్లు, ఒక మూలిగే స్పీకరు మోసుకుని దిగారు. వాళ్ళ బ్యాండు పేరు సెవెన్ సీటర్, ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర మనుషుల్ని కుక్కుకుని తిరిగే ఆటోల పేరే. మా అమ్మ మొదటి రోజే "నలుగురే ఉన్నరు గద, ఏడు సీట్లేంది?" అని అడిగింది. సినిమా పాటలు వాయించరు, వాళ్ళవే రాసుకుని వాళ్ళే బాణీ కట్టుకుంటారు అని తెలిశాక మాకు ఇంకా ఆశ్చర్యం. మా ఎరుకలో పాటంటే ఎక్కడి నుంచో వచ్చేది. మన మేడ మీద తయారవుతుందని ఎవరు అనుకుంటారు? పాడే అబ్బాయి బందరు నుంచి వచ్చిన టీచరు గారి కొడుకు, నాగారంలో ఉండేవాడు. ప్రతి మాటకూ చివర 'అండీ' తగిలించేవాడు. డ్రమ్ములు కొట్టే అబ్బాయిది మా లాగే నల్గొండ వైపు, వాళ్ళ నాన్న మా నాన్న పనిచేసే ఫ్యాక్టరీలోనే. బయట ఊరంతా ధర్నాలు, బంద్‌లు, ఎవరి రాష్ట్రం ఎవరిదన్న కొట్లాట. మేడ మీద మాత్రం కొట్లాటంతా పాటలో రెండో చరణం ఉండాలా వద్దా అని.

మా ఇంటిల్లిపాదీ వాళ్ళకు అభిమానులమైపోయాం. చప్పట్లు కొట్టే అభిమానులం కాదు, గుడ్ల అట్టలు ఏరే అభిమానులం. చప్పుడు బయటికి పోకుండా గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తే మంచిదని ఎవరో చెప్పారట. ఉప్పల్‌లో ఆమ్లెట్ బండి పెట్టుకున్న మామ రోజూ సాయంత్రం ఖాళీ అట్టలు కట్టగట్టి పక్కన పెట్టేవాడు. నేను కాలేజీ నుంచి, మా అన్న షాపు నుంచి వస్తూ వాటిని బస్సులో తెచ్చేవాళ్ళం. గది నాలుగు గోడలూ బూడిదరంగు బుడిపెలతో నిండిపోయింది. చప్పుడు ఆగింది లేదు గానీ, ఎండాకాలం గదిలో అడుగు పెడితే గుడ్ల వాసన గుప్పున కొట్టేది. బండి మామ "గుడ్లు నేను కొడ్తున్న, పాట మీరు కొడ్తున్రు. ఈ బ్యాండుల నేను గూడ మెంబర్నే" అని గిరాకీ అందరికీ చెప్పుకునేవాడు. ఓనరమ్మ పైకి మాత్రం "ఏవిటర్రా ఈ గోల, మా తలుపులు అదిరిపోతున్నాయి" అని విసుక్కునేది. పాట ఆగిపోతే మెట్ల మీదికి వచ్చి "ఏం, ఆపేశారేం?" అనేది. మా అమ్మకు ఆ పాటలు నచ్చేవో లేదో నాకు తెలియదు. కానీ సర్వపిండి చేసినప్పుడల్లా నాలుగు ముక్కలు కంచంలో పెట్టి పైకి పంపేది. బందరు అబ్బాయి "మా ఇంట్లో దీన్ని తపాలా చెక్క అంటారండీ" అంటే, "పేరేదైతేంది, కడుపుల వడ్తే ఒక్కటే. తిను బిడ్డా" అనేది.

వాళ్ళు మొదటిసారి నలుగురి ముందు వాయించింది ఉప్పల్‌లో ఒక వినాయకుడి మండపం దగ్గర, భజనకూ లడ్డూ వేలానికీ మధ్య ఖాళీలో. రెండో పాట సగంలోనే ఎవరో "తమ్మీ, ఏదన్న సినిమా పాట కొట్టు, నిద్రొస్తుంది" అని అరిచారు. జనం ఒక్కొక్కరే లేచి ప్రసాదం వైపు పోయారు. చివరికి మిగిలింది నేను, మా అన్న, బండి మామ, ఇంకా కుర్చీలు తీసుకుపోవడానికి వచ్చిన టెంట్‌హౌస్ మనిషి. వాళ్ళు అయినా ఆపలేదు, మా నలుగురి కోసం చివరిదాకా వాయించారు. టెంట్‌హౌస్ మనిషి ఒక కుర్చీ వేసుకుని కూర్చుని, "వీళ్ళకు ఏదో అయితది సూడు. మంచో చెడో తెల్వదు, ఏదో అయితది" అన్నాడు. ఆ మాటే మా అందరికీ ధైర్యం.

ఇక ఆ సాయంత్రం సంగతి. నా డిగ్రీ ఆఖరి సంవత్సరం పరీక్షలు మొదలయ్యాయి, తెల్లారితే అకౌంట్స్ పేపరు. మా ఇంట్లో నాన్న వేలిముద్ర, అమ్మ రెండో తరగతి, మా అన్న ఇంటర్ మధ్యలో ఆపేసి షాపులో కుదిరాడు. ఆ పేపరు పోతే మా ఇంట్లో డిగ్రీ అన్నదే ఉండదు, ఆ సంగతి అమ్మకు నాకంటే బాగా తెలుసు. పైన వాళ్ళు ఎవరి దగ్గరో మైకూ ల్యాప్‌టాపూ అడిగి తెచ్చుకుని మొదటిసారి పాట రికార్డు చేస్తున్నారు. నేను మెట్ల మీద పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఒక్క లెక్కా చేయకుండా అదే వింటున్నాను. షిఫ్టు దిగి వచ్చిన అమ్మ గేటులోంచే నన్ను చూసింది. చెప్పులతోనే నన్ను దాటుకుని పైకి పోయి, రేకుల తలుపు ఒక్క తోపు తోసింది.

"ఆపుండ్రి! జర ఆపుండ్రి! మా ఇంట్ల ఇప్పటిదాంక ఎవ్వలు సదువుకోలె. గిదొక్కతే సదువుతుంది. రేపు దానికి పరీక్షుంది. మీ డప్పులు యాడికి పోవు, ఎల్లుండి కొట్టుకోండ్రి!"

గిటారు చప్పుడు నీళ్ళలో రాయి మునిగినట్టు ఆగిపోయింది. బందరు అబ్బాయి "సారీ అండీ, అమ్మగారూ" అన్నాడు, అంతే. నాకు సిగ్గుతో భూమిలోకి పోవాలనిపించింది. ఆ రాత్రి చదివాను. కోపంతో చదివాను. మర్నాడు పేపరు నేను ఊహించనంత బాగా రాశాను.

ఎల్లుండి వచ్చింది. అమ్మ ఆ రోజు సెలవు పెట్టింది. పొద్దున్నే బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు వేసి సర్వపిండి చేసి, నాలుగు ముక్కలు కాదు, కంచం నిండా పేర్చుకుని పైకి పోయింది. గది ఖాళీ. డ్రమ్ములు లేవు, స్పీకరు లేదు, గోడలకు గుడ్ల అట్టలు మాత్రం ఉన్నాయి. ముందు రోజు మధ్యాహ్నం, మేమెవరం ఇంట్లో లేనప్పుడు ఆటో ట్రాలీ వచ్చి సామాను తీసుకుపోయిందని, అన్నోజిగూడ హైవే పక్కన ఏదో షెడ్డుకట అని ఓనరమ్మ చెప్పింది. అమ్మ కంచం పట్టుకుని ఆ మెట్ల మీదే చాలాసేపు కూర్చుంది. "ఎల్లుండి రమ్మంటిని గద" అని ఒక్కమాట అంది. బండి మామ అయితే నొచ్చుకుని "ఏం వదినా, పాట పుట్టే ఇంట్ల గట్ల అరుస్తరా?" అన్నాడు. అప్పటి నుంచి మా ఇంట్లో ఆ బ్యాండు మాటొస్తే అమ్మ వంటింట్లోకి పోయేది. ఒకసారి మాత్రం, నా డిగ్రీ సర్టిఫికెట్ తుడిచి బీరువాలో పెడుతూ, "గిది నీకొచ్చింది గానీ, ఆ పొల్లగాండ్లను ఎల్లగొట్టిన పాపం నాకే అంటింది" అంది.

మేము మాత్రం అభిమానులుగానే ఉన్నాం, దూరం నుంచి. వాళ్ళ నంబర్లు మారిపోయాయి. కాలేజీ ఫంక్షన్లలో వాయిస్తున్నారని తెలిసేది. తర్వాత బెంగళూరులో షో అని ఇంగ్లీషు పేపర్లో ఫొటో వచ్చింది. బండి మామ ఆ ముక్క కత్తిరించి ఆమ్లెట్ బండి అద్దానికి అతికించాడు. ఒకసారి జూబ్లీహిల్స్‌లో ఏదో కాఫీ షాపులో షో అంటే నేనూ అన్నా రెండు బస్సులు మారి పోయాం. లోపలికి పోవడానికి టికెట్టు మా అన్న వారం జీతమంత. బయట పార్కింగులో కార్ల డ్రైవర్లతో కలిసి గోడకు ఆనుకుని విన్నాం. లోపల జనం వాళ్ళ పాటలు అక్షరం పొల్లు పోకుండా పాడుతున్నారు. మా మేడ మీది పాటలు, గుడ్ల వాసన పాటలు, అంతమంది నోట్లో! మా అన్న నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు. ఒక డ్రైవరు "మీకు దెలుసా వీళ్ళు?" అని అడిగితే, "మా ఇంటి మీదనే ఉండెటోళ్ళు" అన్నాడు. డ్రైవరు నవ్వి బీడీ అంటించుకున్నాడు. షో అయ్యాక ఆగి పలకరిద్దామనుకున్నాం గానీ ధైర్యం చాలలేదు. పలకరిస్తే అమ్మ సంగతి ఎత్తాలి కదా.

ఇప్పుడు బస్సులో ఆ అబ్బాయి ఏమన్నాడో చెప్తాను. మీకు ఇంతవరకు చెప్పేసరికి మధ్యాహ్నమైంది, మిగతా మాటలు ముందు కంపెనీ గేటు దగ్గర మా అమ్మకే చెప్పాను. నా పని దగ్గర మేనేజరు గారిని పర్మిషన్ అడిగి, పాట ఫోన్లోకి దించుకుని పోయాను. షిఫ్టు వదిలారు. నీలం కోట్లు విప్పుకుంటూ ఆడవాళ్ళంతా బయటికి వస్తున్నారు. నన్ను చూడగానే అమ్మ ముఖం పాలిపోయింది, ఇంట్లో ఎవరికి ఏమైందోనని. నేను వెంటనే పాట పెట్టాను. గిటారు ఆగింది. అరుపు వచ్చింది. అమ్మ కనుబొమలు ముడివేసి వింది.

"ఎవలే గీమె, గట్ల మొత్తుకుంటుంది?"

ప్యాకింగ్‌లో అమ్మ పక్కన కూర్చునే అత్తమ్మ కెవ్వుమంది. "ఓ వదినే! గిది నువ్వే గాదె! దినాం మా చెవుల్ల మోగే గొంతే గద!" గేటు దగ్గర వాచ్‌మన్ కూడా "అవునక్కా, నువ్వే" అని సాక్ష్యం చెప్పాడు. అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని చెవికి ఆనించుకుంది. "నేను గంత బొంగురుగ మాట్లాడ్తనా?" అంది. తర్వాత భయం పట్టుకుంది. "నన్ను నవ్వులపాలు జేసిన్రా బిడ్డా, పదిమందిల?"

అప్పుడు చెప్పాను. ఆ గొంతు ఎవరిదని రేడియో అమ్మాయి అడిగింది. నాచారంలో తమ గది కింద ఉండే అమ్మగారిదండీ అన్నాడు. ఆవిడ తలుపు తోసినప్పుడు రికార్డింగు నడుస్తూనే ఉందని, ఎన్నిసార్లు కొత్తగా పాడినా ఆ పాటకు అంత ప్రాణం రాలేదని, ఇప్పుడు ఎక్కడ వాయించినా జనమే 'ఎల్లుండి కొట్టుకోండ్రి' అని అరుస్తారని చెప్పాడు. ఆ పాపకు ఇంకా పేపర్లున్నాయని తెలిసి, చదువు చెడగొట్టకూడదని వాళ్ళే సామాను ఎత్తుకుని పోయారట. పరీక్షలయ్యాక వద్దామనుకున్నారట. ఈలోపు పాట బయటికి పోయింది, అడగకుండా గొంతు వాడుకున్నందుకు ఆవిడ మళ్ళీ తిడతారేమోనని ముఖం చూపించలేదట.

అమ్మ వాచ్‌మన్ స్టూలు మీద కూలబడింది. "అయితే... నా మీద కోపంతోని పోలేదా?"

"కోపమా? నీకు భయపడి రాలేదమ్మా."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు, భుజాలు మాత్రం కదిలాయి. ఆ అబ్బాయి చివర్లో అన్న మాట అప్పుడు చెప్పాను. ఆదివారం వాళ్ళ షో ఉప్పల్‌లోనే, అందరికీ ఫ్రీగా, మన గ్రౌండులోనే. "అమ్మా, మీరు చెప్పినట్టే ఎల్లుండి కొట్టుకుంటున్నాం. రావాలండీ" అన్నాడు. ఇవ్వాళ శుక్రవారం. అమ్మ వేళ్ళ మీద ఒకటి, రెండు అని లెక్కపెట్టి, గబుక్కున లేచి తిరిగి గేటులోపలికి పోయింది. సూపర్‌వైజర్‌తో "సార్, ఆదివారం ఓటీ నాకొద్దు. మా పొల్లగాండ్ల ప్రోగ్రామున్నది" అనడం నాకు బయటికి వినిపించింది. వస్తూనే "నడువే, ఇంట్ల బియ్యప్పిండి లేదు. గిర్ని బందు వెడ్తడు" అంది.

దారి పొడుగునా అమ్మ చెప్తూనే ఉంది, నేను ఫోన్లో నొక్కుతూనే ఉన్నాను. ఇంకా ఫోన్ చేసి చెప్పాల్సింది వీళ్ళకు: నాన్నకు, రెండో షిఫ్టులో ఉన్నాడు, టీ టైములో ఎత్తుతాడు. అన్నకు, షాపులో గిరాకీ ఉన్నా సరే. బండి మామకు, "ఇగ నన్నేమన్నంటే సూడు" అని ముందు అనాలట. ఓనరమ్మకు, ఆ రేకుల గదిలో ఆవకాయ జాడీలు పెట్టుకుంది గానీ గుడ్ల అట్టలు పీకలేదు, పీకొద్దని చెప్పాలి. ఊళ్ళో అమ్మమ్మకు, పక్కింటివాళ్ళ నంబరు మీద, గట్టిగా అరిచి. ఆ టెంట్‌హౌస్ మనిషికి, ఆయన అన్న 'ఏదో' అయిందని. ఇక ఆ బందరు అబ్బాయికి, వాళ్ళ నంబరు మా దగ్గర లేదు. ఫర్వాలేదు. అమ్మ చెప్పిన ఎల్లుండి రావడానికి ఇన్నేళ్ళు పట్టింది, ఇంకో రెండు రోజులు ఒక లెక్కా.