సంతకం నాది, బోర్డు వాళ్లది

గవర్నమెంటు ఉద్యోగం చేసేవాళ్లు బయట వ్యాపారం చేయకూడదు. అందుకని మా ఆయన భార్య పేరు మీద బీమా ఏజెన్సీ తీసుకున్నారు. ఆ భార్యను నేను. డెబ్భైల నాటి సంగతి. ఆయన కంచన్‌బాగ్‌లో ఒక గవర్నమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తా, మా అద్దె ఇల్లు ఛత్రినాకలో. లైసెన్సు నాది, సంతకాలు నావి, ఎండలో ఇల్లిల్లూ తిరిగి జనాన్ని ఒప్పించాల్సిందీ నేనే. వీధి గదికి బోర్డు కట్టాలి, దానికో పేరు కావాలి. ఆ పేరు ఎంచడానికి మాత్రం నేను పనికిరాలేదు. కాఫీలు అందించే పని నాకు అప్పజెప్పారు.

ఆదివారం పొద్దున్నే సభ కూడింది. మా ఆయన, మా బావగారు, పక్కింట్లో ఉండే సంఖ్యాశాస్త్రం ఆయన. ఈ శాస్త్రిగారు తన బట్టల కొట్టుకు అంకెలు కూడి కూడి మూడు పేర్లు మార్చారు. మూడు పేర్లతోనూ కొట్టు మూతపడింది. అయినా మా వాళ్లకు ఆయన మాటంటే వేదం.

పేరులో ‘ఇంటర్నేషనల్’ అని ఉండి తీరాలన్నారు బావగారు. ఆ గదిలో రెండు కుర్చీలు వేస్తే మూడో మనిషి గుమ్మంలో నిలబడాలి. గుమ్మం దిగితే మురిక్కాలువ. చార్మినార్ అవతలి నుంచి ఒక్కడు వచ్చినా అదే మాకు విదేశీ వ్యాపారం. శాస్త్రిగారు వేళ్లు ముడిచి లెక్కపెట్టి, ఆ మాట అచ్చిరాదని తోసేశారు. ఆ ఒక్క విషయంలో నేనాయనకు రుణపడి ఉన్నాను.

“లైసెన్సులో ఉన్న పేరే పెట్టొచ్చు కదండీ,” అన్నాను, గ్లాసులు తీస్తూ.

ముగ్గురూ నన్ను వింతగా చూశారు. “ఆడపేరు చూసి ఎవరొస్తారే? పైగా అది అమ్మ పేరు,” అన్నారు మా ఆయన.

అదీ అసలు సంగతి. మా నాన్న నాకు పెట్టిన పేరూ మా అత్తగారి పేరూ ఒకటే. కోడల్ని ఆ పేరుతో పిలిస్తే అత్తగారికి అమర్యాద అని, పెళ్లిపీటల మీదే నాకు వేరే పేరు పెట్టేశారు. గేదెను కొన్నా దాని పాత పేరు అడిగి తెలుసుకుంటారు, నన్ను ఆ మాత్రం కూడా అడగలేదు. స్కూలు సర్టిఫికెట్టు తర్వాత మళ్లీ నా పేరు నాకు కనిపించింది ఆ లైసెన్సులోనే. దాన్ని బోర్డు మీద చూసుకోవాలని నాకు ఎంత ఆశగా ఉండిందో చెప్పలేను.

చివరికి మామగారి పేరు ఖాయమైంది. ఆయన స్వర్గస్థులై చాలా ఏళ్లు. బతికున్నన్నాళ్లూ బీమా ఏజెంటు గుమ్మం ఎక్కితే “నా చావు కోరి వచ్చావా” అని తరిమికొట్టిన మహానుభావుడు. ఆయన పేరు మీద బీమా ఏజెన్సీ. పేంటర్ భాయ్ వచ్చి ఎర్ర అక్షరాలతో రాసి వెళ్లాడు.

మా వీధి చివర గాజుల దుకాణం ఆవిడ నా మొదటి ఖాతాదారు. “గా బోర్డు మీదున్న పెద్దాయన ఎవరక్కా? ఎన్నడు కనవడడు,” అంది.

“మా మామగారు. పోయి చాలా కాలమైంది.”

“గట్లనా! మరి బీమా పైసలు మస్తు వచ్చినయా?”

“ఆయన బీమా చేయలేదు.”

ఆమె నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. నాకూ నవ్వొచ్చింది గానీ, ఒళ్లు కూడా మండింది.

కొన్నాళ్లకు మా ఆయన మీద ఆఫీసుకు ఫిర్యాదు వెళ్లింది. తండ్రి పేరు పెట్టి వ్యాపారం నడుపుతున్నాడు, కావాలంటే బోర్డు చూసుకోండి అని. విచారణకు ఆఫీసరు వస్తున్నాడని తెలియగానే మా ఆయన ముఖం పాలిపోయింది. పేంటర్ దగ్గరికి పరుగెత్తి, మామగారి పేరు చెరిపించి భార్య పేరు రాయించారు. ఆడపేరు చూసి ఎవరొస్తారన్న మనిషే. పైగా ఆ కంగారులో నోటికి అలవాటైన పేరు చెప్పారు, పెళ్లిపీటల మీద పెట్టింది.

ఆఫీసరు బోర్డు చదివాడు. లోపలికొచ్చి లైసెన్సు చదివాడు. “ఇదొక పేరు, అదొక పేరు. ఎవరండీ వీళ్లిద్దరూ?” అన్నాడు. మా ఆయన నా వైపు చూశారు. అంత భక్తిగా ఆయన నన్ను ఏనాడూ చూడలేదు.

“రెండూ నేనే. ఒకటి మా నాన్న పెట్టింది, ఇంకొకటి వీళ్లు పెట్టింది. లైసెన్సులో ఉన్నదే నా పేరు,” అన్నాను. ఆఫీసరు తలూపి, నా చేత సంతకం చేయించి, లైసెన్సు మీది సంతకంతో సరిచూసుకుని వెళ్లిపోయాడు.

అతను వీధి మలుపు తిరిగాడో లేదో, మా ఆయనకు ప్రాణం లేచొచ్చింది. “గండం గడిచిందిగా, మళ్లీ నాన్నగారి పేరే రాయిద్దాం,” అన్నారు.

“అలాగే రాయించండి. ఈసారి నుంచి కాగితాల మీద సంతకాలు కూడా ఆయన చేతే పెట్టించండి,” అన్నాను.

మర్నాడు పేంటర్ భాయ్ డబ్బా, కుంచె పట్టుకుని వచ్చాడు. “మళ్ల మార్సుడేనా? గీసారి పేరేందమ్మా?” అని అడిగాడు. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. నేను చెప్పాను, లోపల ఉన్న అత్తగారికి కూడా వినబడేటట్టు. కాపురానికి వచ్చాక ఆ ఇంట్లో నా పేరు పైకి పలకడం అదే మొదటిసారి.