తెర మీది పొర

ఈజిప్టులోని తంతా ఊళ్ళో, స్టేషన్ వెనక వీధిలో ఇంషిరాహ్ పసిపిల్లల కార్డులు చేసి బతుకుతుంది. బిడ్డ పుట్టిన ఏడో రోజు పండగకి వచ్చినవాళ్ళకి శనగలూ మిఠాయీ కలిపి పొట్లాలు పంచుతారు. ఆ పొట్లానికి బిడ్డ ఫొటో, పేరు ఉన్న కార్డు వేలాడకపోతే, బిడ్డ చెవి దగ్గర ఇత్తడి రోలు ఎంత గట్టిగా మోగించినా అది పండగే కాదని మేనత్తలు మూతి విరుస్తారు. మేనత్తలకి భయపడని ఊరు ఎక్కడుంది? అందుకే ఇంషిరాహ్‌కి పనికి లోటు లేదు.

ఫొటోలు కంప్యూటర్లో దిద్దడం ఆవిడ వంతు. పొట్లాలు కట్టి రిబ్బను ముడులు వేయడం అక్క నబవియ్యా వంతు. నబవియ్యా భర్త పోయినప్పటి నుంచీ ఎదురు వాటాలోనే ఉండేది. పిల్లల్లేరు. చెయ్యి కంటే నోరు ముందు ఆడే మనిషి.

కిందటేడాది పాత కంప్యూటర్ మొరాయిస్తే పెద్ద తెర ఉన్న కొత్తది కొన్నారు. ఇంషిరాహ్ భర్త బయ్యూమి సబ్బుల కార్ఖానాలో పనిచేస్తాడు, నెమ్మదస్తుడు. ఇరుగుపొరుగు కళ్ళు పడకుండా పెట్టె మీద దుప్పటి కప్పి మెట్లెక్కించాడు. ఆ దుప్పటి చూసే వీధంతా ఏదో కొన్నారని పసిగట్టింది, అది వేరే సంగతి. తెర మీద అంటించి వచ్చిన పల్చటి ప్లాస్టిక్ పొరని ఇంషిరాహ్ పీకబోతే నబవియ్యా ఆవిడ చేతి మీద ఒక్కటిచ్చింది.

“చెయ్యి తియ్యవే. పొర పీకిన రోజే వస్తువు పాతదైపోతుంది.”

“మసగ్గా ఉంటుంది కదే అక్కా.”

“కనబడినంత చాల్లే. చంటిపిల్లల మొహాలేగా, అన్నీ ఒక్కలాగే ఉంటాయి.”

నవ్వాల్సిందేమీ లేదు. ఆ వీధిలో ఎవరింటికైనా వెళ్ళి చూడండి. టీవీ రిమోట్ సంచిలోనే ఉంటుంది. ఫ్రిజ్ తలుపు మీద కొన్ననాటి ప్లాస్టిక్ అలాగే ఉంటుంది. పెళ్ళినాటి సోఫా మీద తొడుగు పీలికలవుతుంది గానీ సోఫా గుడ్డని ఇంతవరకూ ఎవరూ చూసి ఉండరు.

పైకి లేచిన పొర మూలని నబవియ్యా బొటనవేలితో అదిమింది. అప్పుడే నువ్వుల మిఠాయి విరిచిన చెయ్యి. జిగురు అంటుకుని వేలిముద్ర గీతలతో సహా అక్కడ ఉండిపోయింది. ఆ మూల మళ్ళీ మళ్ళీ లేచేది. అటు వెళ్తూ ఇటు వస్తూ నబవియ్యా దాన్ని అదుముతూ ఉండేది.

తెర వచ్చిన కొన్నాళ్ళకే, ఒక మధ్యాహ్నం రిబ్బను కత్తిరిస్తూ కత్తిరిస్తూ నబవియ్యా పక్కకి ఒరిగిపోయింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

ఇంషిరాహ్ ఏడవలేదు. వచ్చినవాళ్ళకి చావింటి ఆనవాయితీ ప్రకారం చక్కెర లేని కాఫీ పోసింది, కుర్చీలు లెక్క చూసి అద్దెవాడికి అప్పగించింది, పక్కింటి ఉమ్ హానీ కావలించుకుని శోకాలు పెడితే ఆవిడ వీపే నిమిరింది. నలభై రోజులు గడిచాయి, పండగలు గడిచాయి. కళ్ళ వెంట చుక్క నీరు రాలేదు. బాధ లేదని కాదు, ఏదీ లేదు. అన్నం తింటే అన్నం తిన్నట్టు లేదు, పడుకుంటే పడుకున్నట్టు లేదు. బయ్యూమి ఏదైనా అడిగితే “ఆఁ” అనేది, అడక్కపోయినా “ఆఁ” అనేది. పొట్లాలు ఇప్పుడు తనే కట్టుకుంటోంది. పొర మూల లేచిపోయి గాలికి ఆడుతున్నా అదమడం మాత్రం మానేసింది. అదిమితే తన వేలు అక్క వేలి మీద పడుతుందని భయం. ఆవిడలో మిగిలిన భయం అదొక్కటే.

ఆ మసక తెరతోనే నెలల తరబడి పని చేసింది. పొర వెనక పిల్లలు పాలిపోయినట్టు కనబడితే ఎరుపు ఎక్కించేది. అచ్చయి వచ్చేసరికి పిల్లలు టమాటాల్లా ఉండేవాళ్ళు. తెర ఎడమ పక్కన ఆవగింజంత పచ్చ చుక్క ఒకటి ఉండేది. పొర కింద చేరిన నలుసేమో అనుకుని పట్టించుకోలేదు.

ఒకరోజు ఉమ్ హానీ కార్డు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. మనవడు పుట్టిన సంబరంలో ఉన్న మనిషి.

“ఇంషిరాహ్, మా వాడి బుగ్గ మీద పుట్టుమచ్చ ఏమైపోయింది?”

“పుట్టుమచ్చా?”

“అచ్చం వాళ్ళ తాతదే. దాన్ని చూసే వీడు మా వంశంలో వాడని ఊరంతా ఒప్పుకుంది. నువ్వు తుడిచేస్తే మా కోడలు పుట్టింటివాళ్ళు నెత్తికెక్కుతారు. ఎల్లుండే పండగ, మళ్ళీ చెయ్యి.”

ఇంషిరాహ్ వెళ్ళి చూసింది. తుడిచింది తనే. పచ్చ చుక్క సరిగ్గా ఆ బుగ్గ మీద పడుతోంది. ఈసారి ఫొటోలోనే నలుసుందనుకుని రుద్దీ రుద్దీ, పక్కనున్న పుట్టుమచ్చని చెరిపేసింది. ఫొటోని పక్కకి జరిపితే చుక్క ఉన్నచోటే ఉంది. లోపం పొరలో లేదు, తెరలోనే ఉంది.

“గ్యారంటీ ఇంకా ఉన్నట్టుంది. రేపు పట్టుకెళ్దాం,” అన్నాడు బయ్యూమి.

“పొర తీయమంటారేమో,” అంది ఇంషిరాహ్.

“తీస్తే తీయనీ.” అనేశాక బయ్యూమి ఆ మూల వంక చూశాడు. సంగతి ఆయనకి తెలుసు. “నేను చెప్తాలే, జాగ్రత్తగా తీయమని,” అన్నాడు. మర్నాడు మాత్రం కార్ఖానాలో సెలవు దొరకలేదు. ఇంషిరాహ్ తెరని అదే దుప్పట్లో చుట్టుకుని ఒక్కతే ఆటో ఎక్కింది.

కొట్టు యజమాని వగ్దీ, లావుపాటి మనిషి, చెవికి ఫోను ఆనించుకునే ఉంటాడు. నలభై దాటిన ప్రతి ఆడమనిషినీ, మక్కాకి వెళ్ళిందో లేదో కనుక్కోకుండా, హగ్గా అని పిలుస్తాడు.

“ఏమైంది హగ్గా?”

“పచ్చ చుక్క ఉంది. పుట్టుమచ్చ చెరిపేశాను.”

వగ్దీకి అందులో సగమే అర్థమైంది. దుప్పటి విప్పాడు. “పొరతోనే వాడారా ఇన్నాళ్ళూ? మంచిపని చేశారు, కొత్తదానిలాగే ఉంది,” అంటూనే మూల పట్టుకుని సర్రున లాగేశాడు. ఆగమని ఇంషిరాహ్ నోరు తెరిచేలోపే ఉండచుట్టి బల్ల కింది అట్టపెట్టెలో పడేశాడు. రోజూ చేసే పనే. ఆ మనిషి తప్పేమీ లేదు.

తీగలు తగిలించి తెరంతా ఎరుపు చేశాడు, తెలుపు చేశాడు, నలుపు చేశాడు. నలుపులో చుక్క పచ్చగా మెరిసింది.

“చుక్క నిజమే హగ్గా. కానీ ఒక్కటే ఉంది. ఐదు దాటితేనే కంపెనీ లోపం కింద రాసుకుంటుంది. లక్షల చుక్కల్లో ఒకటి పోతే లెక్కలోకి రాదు. నాలుగు రోజులైతే మీకే అలవాటైపోతుంది.”

“సరే,” అంది ఇంషిరాహ్. “ఆ పొర ఇవ్వండి.”

“పొరా? ఎందుకు?”

“ఇవ్వండి.”

వగ్దీ వంగి అట్టపెట్టె బల్ల మీద పెట్టాడు. అందులో ఒకటి కాదు, పెట్టె నిండా పొరలే. ఆ వారం బాగుచేసిన తెరలవీ అమ్మిన తెరలవీ అన్నీ ఒకేలా నలిగి ఒకదాంట్లో ఒకటి చుట్టుకుని ఉన్నాయి. ఇంషిరాహ్ ఒకదాన్ని విప్పి వెలుతురుకి పట్టింది. దాని మీద వేలిముద్రలున్నాయి. ఇంకోటి విప్పింది. దాని మీదా ఉన్నాయి. వగ్దీవి, ఎవరెవరివో. వాసన చూసింది, ఏ పొరకీ నువ్వుల వాసన లేదు. విప్పుతూనే ఉంది, బల్ల మీద పొరలు పరుస్తూనే ఉంది. ఉన్నట్టుండి అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడి ఏడ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకోవాలని కూడా తోచలేదు. సమాధి దగ్గర రాని ఏడుపు, కాఫీలు పోస్తున్నప్పుడు రాని ఏడుపు, అంతా కంప్యూటర్ కొట్లో వచ్చింది.

కొట్లో ఉన్నవాళ్ళంతా బేరాలు ఆపి చూశారు. వగ్దీ ఫోను పక్కన పెట్టేశాడు. ఆ పని అతను తండ్రి పోయినప్పుడు కూడా చేయలేదని ఊళ్ళో చెప్పుకుంటారు.

“అయ్యో హగ్గా, ఊరుకోండి. జనం చూస్తున్నారు, నేనేదో అన్యాయం చేశాననుకుంటారు.”

“చుక్క కోసం కాదు...”

“ఒక్క చుక్కకే ఇంత ఏడుపైతే ఐదూ పోతే ఏమైపోయేవారో. కంపెనీతో తిట్లు నేనే పడతాను. కొత్త తెర ఇస్తున్నా, తీసుకెళ్ళండి.”

“చుక్క గురించి కాదు బాబూ. మా అక్క...”

“మీ అక్కకి కూడా చెప్పండి, వగ్దీ మాట మీద నిలబడే మనిషని.” అతను అప్పటికే కొత్త పెట్టె దింపుతున్నాడు. ఇంషిరాహ్ ఏడుస్తూనే దుప్పటి మడత పెట్టింది, ఏడుస్తూనే ఆటో ఎక్కింది. ఆటోవాడు పాట తగ్గించి, దారంతా అద్దంలోంచి చూస్తూ నడిపాడు.

సాయంత్రం బయ్యూమి వచ్చేసరికి ఆవిడ కళ్ళు వాచి ఉన్నాయి. ఆయన టీ పెట్టి తెచ్చాడు, చక్కెర ఎక్కువ వేశాడు. తీగలు తగిలించి తెర వెలిగించాడు. చుక్క లేదు. కొత్త పొర వెనక పుట్టుమచ్చ ఉన్న పసివాడు మసగ్గా కనిపించాడు. పొర మూల కొద్దిగా లేచి ఉంది. బయ్యూమి దాన్ని అదమబోయాడు.

“ఉండు,” అంటూ ఇంషిరాహ్ తనే చెయ్యి చాచింది.

“ఉండనీవే. తీస్తే...”

“తెలుసు.”

ఆవిడ మూల పట్టుకుంది. చేతి మీద ఒక్కటిచ్చేవాళ్ళు ఎవరూ లేరు. అయినా కాసేపు ఆగింది.

“పాతది కానీలే అక్కా,” అని మెల్లిగా లాగేసింది.