మళ్ళీ థర్డ్ ఫారం

మా మేనత్త జ్ఞానప్రసూనాంబ థర్డ్ ఫారం, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతి, రెండేళ్ళు చదివింది. ఫెయిలై కాదు.

మా తాత గంగాధరం గారు నూజివీడులో మామిడికాయల వ్యాపారి పాండురంగారావు గారి దగ్గర గుమాస్తా. కాపురం ఆ షావుకారి పెరట్లోని రెండు గదుల్లో. షావుకారి కూతురు లలితకు తోడుగా మా అత్తనూ ఆయనే బడికి పంపేవాడు. ఇద్దరిదీ ఒకే ఈడు. బడిలో "లలితా" అని పిలిచే అత్త, వీధి గుమ్మం దాటగానే "అమ్మాయిగారూ" అనేది.

1948 వేసవిలో అత్త పాసైంది, లలిత తప్పింది. షావుకారు తాతను పిలిచి మెత్తగానే చెప్పాడు.

"మా అమ్మాయి మళ్ళీ అదే క్లాసు చదవాలి కదండీ. మీ పిల్ల ఇంకో ఏడాది తోడుంటే ఏం పోతుంది?"

తాత తలూపి వచ్చేశాడు. అత్త రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోనాడు లలిత వచ్చి చేతులు పట్టుకుని ఏడ్చింది.

"నువ్వు పైక్లాసుకెళ్తే నన్ను మాన్పించేస్తారే, ప్రసూనా!"

అది నిజమేనని అత్తకు తెలుసు. తనకన్నా చిన్నపిల్లల మధ్య మళ్ళీ అదే బెంచీ మీద కూర్చుంది. చేసిన లెక్కలే చేసింది. పక్కగదిలోంచి పాత స్నేహితురాళ్ళ కొత్త పాఠం వినబడుతుంటే చెవులు అటే ఉండేవట.

లలిత గట్టెక్కితే తప్ప తనకు విడుదల లేదు. ఏడాదంతా వెంటపడి చదివించింది. లలిత పాసైంది.

పదిరోజుల్లో లలితకు ఏలూరు సంబంధం వచ్చింది. వాళ్ళకు థర్డ్ ఫారం పాసైన పిల్ల కావాలట.

"నన్ను ఇంకోసారి తప్పనిచ్చినా బాగుండేదే," అంది లలిత.

ఇద్దరి చదువూ అక్కడితో సరి. పెళ్ళయ్యాక, కాపురానికి వెళ్తూ తోడుగా ప్రసూన కావాలని లలిత పట్టుబట్టింది. షావుకారు మళ్ళీ తాతను పిలిచాడు. ఈసారి వెనకే అత్త కూడా వెళ్ళింది.

"నేను వెళ్ళనండీ."

"అదేంటమ్మా, తోబుట్టువుల్లా పెరిగారు కదా!"

"తోబుట్టువునైతే నన్ను ఫోర్త్ ఫారానికి పంపేవారు కదండీ."

"నోర్ముయ్!" అని అరిచాడు తాత.

ఆ వారమే గదులు ఖాళీ చేయమన్నారు. రెడ్డిగూడెంలో ఒక తోటలో తాతకు పని దొరికింది. అక్కడ ఆడపిల్లలకు హైస్కూలు లేదు. ఆరు నెలలు తాత కూతురితో మాట్లాడలేదు. అత్త మళ్ళీ బడి మొహం చూడలేదు.

"కోపం లేదురా నాకు," అనేది ముసలితనంలో. "నేను వెళ్ళనన్న రోజు లలిత గుమ్మం వెనకే నిలబడి ఉంది. నేను అటు తిరిగి చూడలేదు."